సందు చివర నుంచి తీసిన ఫొటో

నాలుగో తరగతి పిల్లలకు కోణాలు చెప్పడానికి ఆ ఏడాది టీచరు పుస్తకం పక్కన పెట్టేసింది. అంతకు ముందంతా బోర్డు మీద గీతలు గీసి, ఇది అల్పకోణం, ఇది లంబకోణం, ఇది అధికకోణం అని వల్లె వేయించేది. బోర్డు మీద ఉన్నంతసేపూ పిల్లలు టకటకా చెప్పేవారు. క్లాసు తలుపు ఓరగా తెరిచి, మరి ఇదేం కోణం అని అడిగితే తెల్లమొహాలు వేసేవారు. అందుకే స్కూలు బీరువాలో దుమ్ము కొట్టుకుపోతున్న రెండు పాత డిజిటల్ కెమెరాలు బయటికి తీయించి, బ్యాటరీలు వేయించి, పిల్లల మెడల్లో తగిలించింది.

"కోణాలు పుస్తకంలో లేవర్రా. మీ ఇళ్ళల్లో ఉన్నాయి, వీధుల్లో ఉన్నాయి. వెళ్ళి పట్టుకు రండి," అంది.

పిల్లలు వేటకు బయల్దేరినట్టే బయల్దేరారు. కత్తెర, నిచ్చెన, గడియారం ముళ్ళు, మెట్లు, సైకిలు చట్రం, ఏదీ వదల్లేదు. ఒక పిల్లవాడు మధ్యాహ్నం కుర్చీలో వెనక్కి వాలి కునుకు తీస్తున్న హెడ్మాస్టరుని కిటికీలోంచి ఫొటో తీసుకొచ్చాడు. అది తెర మీద పడగానే క్లాసంతా ఒక్క గొంతుతో "అధికకోణం!" అని అరిచింది. టీచరు పెదవి కొరుక్కుని, ఆ ఫొటో హెడ్మాస్టరు కంటపడకుండా చూసుకోండని చెప్పి, తను కూడా వెనక్కి తిరిగి నవ్వుకుంది.

ఫొటోలను ప్రొజెక్టరుతో తెర మీద వేసి, బోర్డు దగ్గర వాడే పెద్ద చెక్క కోణమానిని పిల్లల చేతికిచ్చి కొలిపించేది. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండేది. "కెమెరా నిటారుగా పట్టుకోవాలి. అది ఒరిగిందంటే లోకమంతా ఒరిగినట్టే కనిపిస్తుంది," అని రోజూ చెప్పేది.

సాయంత్రం కెమెరా ఇంటికి తీసుకెళ్ళే వంతు ఒకనాడు బొంగరానికి వచ్చింది. ఒక్కచోట కుదురుగా నిలబడదని ఆ పిల్లకు క్లాసులో పెట్టిన పేరది. చివరికి ఇంట్లోవాళ్ళు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టారు. వాళ్ళుండేది స్కూలుకు రెండు వీధుల అవతల, సిమెంటు గోదాము వెనక సందులో. సందుకి ఒకవైపు గోదాము పొడవాటి గోడ. రెండోవైపు ఆ గోదాములో పనిచేసేవాళ్ళకు యజమాని కట్టించిన వరుస గదులు. బొంగరం తండ్రి అందులో బస్తాలు మోస్తాడు. తల్లి గుమ్మం దగ్గర కుట్టుమిషను వేసుకుని బట్టలు కుడుతుంది.

మర్నాడు బొంగరం తెచ్చిన ఫొటో తెర మీద పడింది. సందు చివర నిలబడి తీసింది. మధ్యలో నేల, ఒకపక్క గదుల గోడ, రెండోపక్క గోదాము గోడ.

"ఇటు మా ఇంటి గోడ, లంబకోణం. అటు గోదాము గోడ, అల్పకోణం," అంది బొంగరం.

వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. "గోడ ఎక్కడైనా అల్పకోణంలో ఉంటుందా? పడిపోదూ?"

టీచరు కూడా నవ్వింది. "కెమెరా ఒరిగి ఉంటుందమ్మా."

"ఒరగలేదు టీచర్. ఒరిగితే మా గోడ కూడా ఒరగాలి కదా?"

టీచరు చెక్క కోణమానిని తీసుకుని తనే వెళ్ళి తెర మీద ఆనించింది. గదుల గోడ తొంభై గీత మీద సూటిగా నిలబడింది. గోదాము గోడ నిలబడలేదు. పైకి పోయేకొద్దీ సందులోకి, గదుల మీదికి వంగి ఉంది. ఇంకోసారి కొలిచింది. అంతే వచ్చింది.

"బాగా చూశావు," అని బొంగరం భుజం తట్టి తరువాతి ఫొటో వేసింది కాని, ఆ తరువాత పిల్లలు ఏం చెప్పారో ఆమె బుర్రకెక్కలేదు.

బడి వదలగానే బొంగరంతో కలిసి ఆ సందుకి వెళ్ళింది. తల్లి మిషను మీద నుంచి లేచి, ఒళ్ళోని గుడ్డముక్కలు దులుపుకుని, బిందెలోంచి మంచినీళ్ళు ముంచి ఇచ్చింది.

"ఇంట్లో కూడా వదలట్లేదండీ ఇది," అంది నవ్వుతూ. "అన్నం తింటుంటే, అమ్మా నీ మోచెయ్యి అధికకోణం అంటుంది. వాళ్ళ నాన్న కాళ్ళు చాపుకుని పడుకుంటే పాదాలు లంబకోణమంట. ఏం చెప్పి పంపిస్తున్నారండీ బాబూ!"

టీచరు నవ్వలేకపోయింది. ఆమె కళ్ళు గోడ మీదే ఉన్నాయి. దగ్గర నుంచి చూస్తే వంపు ఒక్కటే కాదు, నడుమ ఎత్తులో గోడ కడుపులా ఉబ్బి ఉంది. సున్నం పెచ్చులుగా ఊడిన చోట ఒక పగులు ఏటవాలుగా పైకి పాకింది. టీచరు ఒక పొడుగు దారం అడిగి తీసుకుని, చివర కత్తెర కట్టి, స్టూలెక్కి, చెయ్యి అందినంత ఎత్తున గోడకు ఆనించి వదిలింది. పైన దారం గోడను తాకుతోంది. కింద కత్తెరకూ గోడ మొదలుకూ మధ్య జానెడు ఎడం.

బొంగరం తల్లి ముఖంలో నవ్వు పోయింది.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అడిగింది టీచరు.

"ఏమోనండీ. రోజూ చూసేదే కదా, అలాగే ఉన్నట్టుంటుంది. ఈ మధ్య సరుకు ఎక్కువ దిగుతోంది. లోపల చోటు చాలక గోడకానించి పేరుస్తున్నారు, కప్పు దాకా. మా ఆయనే మోస్తున్నాడు."

"ముందు ఈ మిషను లోపలికి జరపండి. పిల్లని ఈ గోడ దగ్గర ఆడుకోనివ్వకండి. నేను గోదాము వాళ్ళతో మాట్లాడతాను."

ఆ సాయంత్రమే హెడ్మాస్టరుకు చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మనకెందుకమ్మా? గోడ వాళ్ళది, గదులు వాళ్ళవి. మనం కోణాలు చెప్పామా, పిల్లలకి వచ్చాయా, అంతవరకే," అన్నాడు.

మర్నాడు ఆమె ఒక్కతే గోదాముకు వెళ్ళింది. మేనేజరు మర్యాదస్తుడు. లేచి కుర్చీ వేశాడు, ఫ్యాను తిప్పాడు. కెమెరా వెనక ఉన్న చిన్న తెరలో ఫొటో చూపిస్తే తల అటూ ఇటూ వంచి చూశాడు.

"బాగుందండీ. మా చిన్నప్పుడు ఇలాంటి చదువులెక్కడివి? కాని టీచరుగారూ, పిల్లలు చేతులు వణుకుతూ తీసిన ఫొటో పట్టుకుని గోదాము ఖాళీ చెయ్యమంటారా? మా ఇంజనీరు చూసే వెళ్ళాడు. పాతకాలం గోడ, ఏనుగు గుద్దినా కదలదు."

"నేను దారం వేలాడదీసి కూడా చూశానండీ. జానెడు వాలింది. బస్తాలు కాస్త గోడ నుంచి దూరంగా జరిపించండి, చాలు."

"జరిపిద్దాం, జరిపిద్దాం," అన్నాడు మేనేజరు. వెంటనే, ఏదో ఊసుపోక అడిగినట్టు, "ఇంతకీ ఇంత చక్కగా తీసిన పిల్ల ఎవరండీ?" అన్నాడు.

"మా క్లాసు పిల్లేనండీ. ఆ గదుల్లోనే ఉంటుంది. వాళ్ళ నాన్న మీ దగ్గరే పనిచేస్తాడు," అనేసింది టీచరు.

మాట నోరు జారాక గాని అదేం మాటో ఆమెకు తెలియలేదు. మేనేజరు ఇంకేమీ అడగలేదు. గేటు దాకా వచ్చి సాగనంపాడు.

మూడోనాటికల్లా బొంగరం తండ్రి స్కూలు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పనిలోంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, కనుబొమల మీద కూడా సిమెంటు పేరుకుని ఉంది. టీచరును చూసి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. కోపంగా వచ్చిన మనిషి, ఎదురుగా నిలబడేసరికి బతిమాలే గొంతులోకి దిగిపోయాడు.

"గది ఖాళీ చెయ్యమన్నారండీ. రేపట్నుంచి పనిలోకి కూడా రావద్దన్నారు. కాళ్ళావేళ్ళా పడితే, ఆ టీచరు మళ్ళీ ఇటు రాకపోతే చూద్దాం అన్నారు. మీరు మా మంచికే వెళ్ళారని నాకు తెలుసు. కాని మా ఇల్లూ, మా పనీ రెండూ ఆ మేనేజరు చేతిలోనే ఉన్నాయి. కడుపు మీద కొట్టకండి."

"కాని ఆ గోడ నిజంగానే ఒరిగింది. నీకు తెలియదా?"

అతను తల వంచుకున్నాడు. "పొద్దస్తమానం దానికే ఆనించి పేర్చేవాణ్ణి, నాకు తెలియదా అండీ? పడినప్పటి సంగతి అప్పుడు. అన్నం ఈ పూట కావాలి కదా."

నగరపాలక కార్యాలయానికి వెళ్ళి ఫిర్యాదు చేద్దామని ఆమె అప్పటికే అనుకుంది. ఇప్పుడు వెళితే మొదట రోడ్డున పడేది ఈ మనిషీ, ఇతని పెళ్ళాం పిల్లా. "సరే, నేను వెళ్ళను," అంది. అతను చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం చూడలేక ఆమె ముఖం తిప్పుకుంది.

ఆ వారంలోనే వాన పట్టుకుంది. విడవకుండా ముసురు. పిల్లలు తడిసిన గొడుగులు వరండాలో ఆరబెట్టి, తడిసిన పాదాలతో క్లాసులోకి వచ్చేవారు. ఒక పొద్దున బొంగరం టీచరు బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"టీచర్, గోదాము గోడ మళ్ళీ తియ్యనా? ఇంకా చిన్న కోణం అయినట్టుంది."

టీచరు కుర్చీలోంచి లేవబోయింది. అయినా ఆ తండ్రి ముఖం కళ్ళ ముందు మెదిలింది. "వద్దమ్మా. ఆ ఫొటోలు అయిపోయాయి కదా. ఇప్పుడు వేరే పాఠం," అంది. బొంగరం వెళ్ళి తన చోట కూర్చుంది. ఆ పూటంతా ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు.

వానలు తెరిపి ఇచ్చిన రోజున, పొద్దున రెండో పీరియడులో, లారీలోంచి కంకర కుమ్మరించినట్టు చప్పుడైంది. కాకపోతే లారీ చప్పుడు ఆగుతుంది. ఇది ఆగలేదు, కాసేపు అలా దొర్లుతూనే ఉంది. పిల్లలు కిటికీల దగ్గరికి ఎగబడ్డారు. ఇళ్ళ కప్పుల పైన బూడిదరంగు దుమ్ము లేస్తోంది.

టీచరు చేతిలో సుద్దముక్క కింద పడింది. ఆమె చూసింది దుమ్మును కాదు, బొంగరాన్ని. ఆ పిల్ల కిటికీ దగ్గరికి పోలేదు. బెంచీ మీద కదలకుండా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

టీచరు వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుని దగ్గరికి తీసుకుంది. కాసేపటికి హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి, పిల్లల వైపు చూసి, టీచరును వేలితో బయటికి పిలిచాడు.

గోడ పొడవునా పడలేదు. బస్తాలు ఎక్కువగా పేర్చిన చోట, నాలుగు గదుల మేర, బస్తాలతో సహా సందులోకి కూలింది. ఒక ముసలాయన, ఇద్దరు ఆడవాళ్ళు దాని కింద ఉండిపోయారు. ఆ ఇద్దరిలో ఒకామె బొంగరం తల్లి. టీచరు చెప్పిన నాటి నుంచి మిషను లోపలే ఉంచుకుంది. ముసురు పట్టాక గదిలో వెలుతురు చాలక మళ్ళీ గుమ్మం దగ్గరికి లాక్కుందట. పక్క గది ఆవిడ చెప్పింది.

తండ్రి ఆ సమయానికి గోదాములో అటువైపు ఉన్నాడు. మిగతావాళ్ళతో పాటు ఇటుకలూ బస్తాలూ చేతులతో లాగి పడేశాడు. పారలు తెచ్చినా తీసుకోలేదు, పార తగులుతుందని. సాయంత్రం టీచరు చూసేసరికి అతని వేళ్ళకు గోళ్ళు లేవు. సిమెంటూ నెత్తురూ కలిసి గడ్డకట్టుకుపోయాయి. ఆమెను చూశాడు కాని గుర్తుపట్టినట్టు లేడు.

విచారణ వేస్తారని తెలియగానే హెడ్మాస్టరు టీచరును గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"ఆ ఫొటోలు తీసెయ్యమ్మా. కెమెరాలోంచి, కంప్యూటరులోంచి. స్కూలు పేరు రచ్చకెక్కుతుంది. ముందే చూశావని తెలిస్తే, తెలిసి ఎందుకు ఊరుకున్నావని మొదట నిన్నే అడుగుతారు."

"అడగాలి సార్," అంది టీచరు.

ఫొటోలు తీసెయ్యకుండా కెమెరా తన దగ్గరే ఉంచుకుంది.

విచారణ ఒక ప్రభుత్వ కార్యాలయం పై అంతస్తులో, ప్లాస్టిక్ కుర్చీలు వేసిన హాలులో జరిగింది. మేనేజరు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. వానలే కారణమన్నాడు. తనకెవరూ ఏమీ చెప్పలేదన్నాడు. టీచరు ఫొటో బయట పెట్టాక, "ఆవిడెప్పుడో వచ్చి పిల్లల బొమ్మలేవో చూపించారు, పాఠం గురించి అనుకున్నాను," అన్నాడు. వాళ్ళ వకీలు లేచి, తొమ్మిదేళ్ళ పిల్ల కెమెరా వంకరగా పట్టుకుంటే గోడ వంకరగానే కనిపిస్తుందని, దాన్ని సాక్ష్యమంటే లోకంలో ఏ గోడా నిలబడదని అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"కెమెరా ఒరిగితే రెండు గోడలూ ఒకేవైపు ఒరగాలి," అంది టీచరు. "ఒకటి నిటారుగా ఉంది, రెండోది వాలింది. ఈ మాట నాకు చెప్పింది ఆ పిల్లే."

"అంత తెలిసినవారు అధికారులకు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు వకీలు.

హాలంతా ఆమె వైపే చూస్తోంది. బొంగరం తండ్రి మూల కుర్చీలో, కట్లు కట్టిన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. అతని పేరెత్తితే ఆమె తప్పు సగం తేలికయ్యేది. "చెప్పాల్సింది. చెప్పలేదు," అంది.

అప్పుడు అతను లేచాడు. ఇంకా ఎవరూ పిలవలేదు. విచారణాధికారి కూర్చోమన్నా కూర్చోలేదు.

"చెప్పనివ్వలేదండీ. నేనే. ఆ గోడకి బస్తాలు పేర్చింది నేను. అది ఒరుగుతోందని నాకు తెలుసు. మేనేజరు గారికీ చెప్పాను, చెబితే ఇష్టం లేకపోతే మానెయ్యమన్నారు. ఈ టీచరమ్మ అడగడానికి వస్తే, నా పని తీసేస్తామని నన్ను ఆవిడ మీదికి తోలారు. నేను వెళ్ళి కాళ్ళమీద పడినంత పని చేసి ఆవిడ నోరు కట్టేశాను. నిన్న కూడా మనిషిని పంపారు, ఏమీ తెలియదను, పని ఉంటుంది అని." అతను కట్లు కట్టిన చేతుల వైపు చూసుకున్నాడు. "పని ఎవరి కోసమండీ ఇంక?"

అతను ఏడవలేదు. కూర్చోవడానికి కుర్చీ ఎక్కడుందో కనపడనట్టు వెనక్కి తడుముకుంటుంటే పక్కవాడు పట్టుకుని కూర్చోబెట్టాడు.

మేనేజరును తీసుకెళ్ళారు. కొన్నాళ్ళకే బెయిలు మీద వచ్చేశాడు. గోదాము యజమాని విచారణకు ఒక్కసారి కూడా రాలేదు. ఆయన తరఫున కాగితాలే వచ్చాయి. మిగిలిన గోడ పడగొట్టి, గదులు ఖాళీ చేయించి, సందుకి రేకులు అడ్డం పెట్టారు. సిమెంటు వేరే గోదాముకు చేరింది. కేసు నడుస్తోందన్నారు, నడుస్తూనే ఉంది. టీచరును ఊరికి అవతలి కొసనున్న స్కూలుకు బదిలీ చేశారు. కారణమేమీ చెప్పలేదు, ఆమె అడగలేదు. బొంగరం తండ్రికి ఆ చుట్టుపక్కల ఏ గోదాములోనూ పని దొరకలేదు. ఎక్కడో వంతెన కడుతుంటే అక్కడికి వెళ్ళాడు. పిల్లను తల్లి అక్కగారింట్లో ఉంచాడు.

ఒక ఆదివారం టీచరు వాళ్ళింటికి వెళ్ళింది. పెద్దమ్మ లోపలికి పిలిచి, "తింటుంది, బడికెళుతుంది, చెప్పిన పని చేస్తుంది. మాటే లేదండీ. అది పరుగెత్తితే ఆపలేక చచ్చేవాళ్ళం, ఇప్పుడు కూర్చోబెట్టిన చోటే కూర్చుంటుంది," అని గొంతు తగ్గించి చెప్పింది. పిల్ల మంచం మీద, గోడకు వీపు తగలకుండా, నడుమన కూర్చుని ఉంది. బొంగరం అని పిలవడానికి టీచరుకు నోరు రాలేదు. పక్కన కూర్చుంది.

చాలాసేపటికి పిల్లే అడిగింది. "టీచర్, నేను ఆరోజు లంబకోణం అని చెప్పుంటే పడేది కాదు కదా?"

టీచరుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పిల్ల చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఈ పిల్ల మోస్తున్నది ఇదా!

"కాదమ్మా. నువ్వు చెప్పినందుకు అది ఒరగలేదు. అది ముందే ఒరిగింది, నువ్వు చూసి చెప్పావు. అందరికన్నా ముందు చూసింది నువ్వే. విని కూడా ఊరుకున్నది మేము. నేనూ, పెద్దవాళ్ళూ."

"ఎందుకు ఊరుకున్నారు?"

"భయపడ్డాను. మీ నాన్నకి పని పోతుందని. అందరూ ఇదేం పిచ్చి అంటారని కూడా. అంత భయం పడకుండా ఉండాల్సింది."

పిల్ల ఆ మాటను లోపల ఎక్కడో పెట్టుకుని చూస్తున్నట్టు ఉండిపోయింది.

"అమ్మకి చెప్పారా?"

"చెప్పాను. గుమ్మం దగ్గర కూర్చోవద్దన్నాను."

"లోపల చీకటి టీచర్," అంది పిల్ల, తల్లి తరఫున సర్దిచెబుతున్నట్టు. "సూదిలో దారం ఎక్కదు అమ్మకి. నేను బడికి వెళితే ఎక్కించడానికి ఎవరూ ఉండరు."

టీచరు ఇంక ఆపుకోలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పిల్ల ఏడవలేదు. ఆమె ఏడుపు అయ్యేదాకా కూర్చుని, "మళ్ళీ వస్తారా?" అని మాత్రం అడిగింది.

వచ్చే ఆదివారం వస్తానంది టీచరు. వెళ్ళింది. ఆ తరువాతా వెళుతూనే ఉంది. ఆ పిల్ల ఒక్కోసారి బడి కబుర్లు రెండు చెప్పేది. ఒక్కోసారి దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకునేది. ఎలా ఉన్నా టీచరు ఆ మంచం అంచున సాయంత్రం దాకా కూర్చుని, చీకటి పడకముందే బస్సు అందుకునేది.